చూచినది, చూచామనుకొన్నది



అబద్ధము చెప్పకూడదని పిల్లలకు మాటలు వచ్చిన నాటినుండి మన ఇండ్లలో నేర్పుతాము. అబద్ధ సాక్ష్యమును నిషేధించే ఆజ్ఞ మన సండే స్కూలు పిల్లలందరికీ కంఠస్థమే. కాని ఒక ప్రశ్న పిల్లలు అడగరు, పెద్దలమైన మనమూ సాధారణముగా అడుగుకొనము. ఒక మనిషి అబద్ధమాడే ఉద్దేశము ఏమాత్రము లేకుండ, తాను చూచినదే చెబుతున్నానని మనస్ఫూర్తిగా నమ్మి, తప్పు చెప్పినయెడల అతనిని ఏమనాలి? అతని మాటవలన నేరమెరుగని వాడొకడు పదేండ్లు జైలులో మ్రగ్గినయెడల, "నేను అబద్ధమాడలేదు" అన్న జవాబు సరిపోతుందా?

ఇటువంటి ప్రశ్నలను పట్టుకొని నూరేండ్లకు పైగా పరిశోధన చేస్తున్న శాస్త్రమొకటి ఉన్నది. దానిని ఫోరెన్సిక్ సైకాలజీ అని, లీగల్ సైకాలజీ అని అంటారు. తెలుగులో న్యాయ మనస్తత్వ శాస్త్రము అనవచ్చును. ఆ పేరు వినగానే చాలామందికి సినిమాలలో హంతకుని మనసు చదివే డాక్టరు గుర్తుకు వస్తాడు. ఆ పని ఇందులో ఒక చిన్న భాగము మాత్రమే. నేరము జరిగిన వేళ నిందితునికి మతి స్థిమితముగా ఉన్నదా, విచారణను అర్థము చేసికొనే స్థితిలో అతడు ఉన్నాడా, పసిపిల్లలను సాక్ష్యమడిగే పద్ధతి ఏది, చేయని నేరమును కొందరు ఎందుకు ఒప్పుకొంటారు, తీర్పు చెప్పేవారు ఒక నిర్ణయానికి ఎట్లు వస్తారు మొదలైనవన్నీ దాని పరిధిలోనివే. వాటన్నిటిలో సామాన్యులమైన మనకు మిక్కిలి దగ్గరగా వచ్చేది కంటి సాక్షి జ్ఞాపకము. నేరము చేయనివారు, వకీలు కానివారు కూడా ఏదో ఒక రోజున సాక్షి కావలసి రావచ్చును గదా! కనుక ఈ వ్యాసములో ఆ ఒక్క సంగతినే మేము మీ యెదుట ఉంచుచున్నాము.

1900 దాటిన తొలి సంవత్సరములలో బెర్లిన్ నగరములో ఫ్రాంజ్ ఫాన్ లిస్ట్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుని తరగతిలో ఒక గొడవ జరిగింది. ఇద్దరు విద్యార్థులు మాటామాటా అనుకొన్నారు. ఒకడు పిస్తోలు తీశాడు. ఆచార్యుడు అడ్డు వెళ్ళాడు. అందరూ భయపడిన తరువాత, ఇదంతా ముందుగా ఏర్పాటు చేసిన నాటకమని చెప్పి, చూచినది చూచినట్టు వ్రాయమన్నారు. వ్రాసినవారు న్యాయశాస్త్రము చదువుకొన్నవారే. అయినా తప్పు లేని వ్రాత ఒక్కటి కూడా లేదు. అందరికంటె బాగా వ్రాసినవాని కథనములో సైతము నూటికి 26 పాళ్ళు తప్పులున్నాయని, కొందరిలో అవి 80 పాళ్ళకు చేరాయని హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ తన గ్రంథములో వ్రాశారు. జర్మనీలో పుట్టి అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయములో బోధించిన ఈయన, 1908లో సాక్షుల మనస్తత్వముపై ఒక పుస్తకము ప్రచురించి, న్యాయవాదులు ఈ శాస్త్రమును నేర్చుకొనవలెనని గట్టిగా వాదించారు. న్యాయవాదులు ఊరుకొంటారా? జాన్ హెన్రీ విగ్‌మోర్ అనే సాక్ష్య చట్ట పండితుడు 1909లో ఒక ఊహా న్యాయస్థానమును సృష్టించి, అందులో మున్‌స్టర్‌బర్గ్‌ను బోనెక్కించి ఎగతాళి చేశాడు. మీ దగ్గర చాలినంత రుజువులేవీ అన్నదే ఆయన వాదన. ఆ రుజువులు సమకూడడానికి మరి కొన్ని పదుల ఏండ్లు పట్టింది.

జ్ఞాపకము ఫోటో వంటిదని మనము అనుకొంటాము. ఒకసారి తీసి పెట్టెలో దాచితే, ఎప్పుడు తీసి చూచినా అదే బొమ్మ ఉంటుందన్నది మన నమ్మకము. కేంబ్రిడ్జిలో పనిచేసిన ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన గ్రంథములో ఇది సరికాదని చూపించారు. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లీషువారిచేత చదివించి, కొంతకాలము తరువాత తిరిగి చెప్పమంటే, వారు తమకు అలవాటైన లోకమునకు తగినట్టు కథను మార్చివేశారు. తెలియని వస్తువు తెలిసిన వస్తువైంది. అర్థము కాని సంగతి జారిపోయింది. వారిలో ఎవరూ కావాలని మార్చలేదు. మనము జ్ఞాపకము చేసికొన్న ప్రతిసారీ మనస్సు ఆ సంగతిని తిరిగి కట్టుకొంటుంది. పాత ఇంటి రాళ్ళతో కొత్త గోడ కట్టినట్టు, కొన్ని రాళ్ళు పాతవే, మధ్యలో పూసిన సున్నము మాత్రము ఈనాటిది.

ఆ సున్నము ఎక్కడనుండి వస్తుందో 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే పరిశోధకులు ఒక తేలిక ప్రయోగముతో చూపించారు. 45 మంది విద్యార్థులకు కారు ప్రమాదముల చిన్న చిత్రములు చూపి, కార్లు ఎంత వేగముతో వెళ్ళుచున్నవని అడిగారు. ప్రశ్న అందరికీ ఒకటే, క్రియ మాత్రము వేరు. కార్లు ఒకదానికొకటి "తాకినప్పుడు" అని భావమిచ్చే మాటతో అడిగినవారు సగటున గంటకు 31.8 మైళ్ళన్నారు. "కొట్టుకొన్నప్పుడు" అంటే 34 మైళ్ళు. "ఢీకొన్నప్పుడు" అంటే 39.3. "నుజ్జునుజ్జయ్యేటట్టు గుద్దుకొన్నప్పుడు" అనే భావముగల మాట వాడితే 40.8 మైళ్ళు. తరువాత మరి 150 మందితో రెండవ ప్రయోగము చేసి, వారము గడచిన మీదట, పగిలిన గాజు చూచారా అని అడిగారు. ఆ చిత్రములో పగిలిన గాజు లేనే లేదు. అయినా "గుద్దుకొన్నప్పుడు" అన్న మాట విన్న 50 మందిలో 16 మంది చూచామన్నారు. "కొట్టుకొన్నప్పుడు" అన్న మాట విన్న 50 మందిలో 7గురే అట్లన్నారు. చూచారా, ఒక్క క్రియ! అడిగినవాని నోటిలోని మాట చెప్పేవాని కంటిలోని దృశ్యముగా మారిపోయింది.

ఇది విద్యార్థుల ప్రయోగమే గదా, నిజ జీవితములో ప్రాణముమీదికి వచ్చినప్పుడు చూచినది ఎవరు మరచిపోతారు అని కొందరనవచ్చు. అందుకు జవాబుగా ఒక నిజమైన వ్యాజ్యెమును చెప్పుకొందాము. 1984లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రము బర్లింగ్‌టన్ పట్టణములో జెనిఫర్ థాంప్సన్ అనే కాలేజీ విద్యార్థినిపై ఒక దుండగుడు అత్యాచారము చేశాడు. ఆ ఘోరములో కూడా ఆమె ధైర్యము విడువక, బ్రతికి బయటపడితే వానిని పట్టియివ్వాలని వాని ముఖమును శ్రద్ధగా గమనించింది. పోలీసులు కొన్ని ఫోటోలు చూపితే, కొంతసేపు పరికించి రోనాల్డ్ కాటన్ అనే యువకుని ఫోటో తీసింది. తరువాత మనుష్యులను వరుసగా నిలబెడితే, ఇద్దరి మధ్య కొంత తటపటాయించి అతనినే చూపించింది. ఫోటోలో చూపించినది కూడా ఇతనినే అని అధికారి చెప్పగానే ఆమె సందేహము తీరిపోయింది. కోర్టులో నిలబడేసరికి రవ్వంత అనుమానము కూడా లేదు. 1987లో జరిగిన రెండవ విచారణలో అసలు నేరస్థుడైన బాబీ పూల్‌ను ఆమె యెదుట నిలబెట్టినప్పుడు, ఈయనను నేనెన్నడూ చూడలేదని చెప్పింది. కాటన్ పదేండ్లకు పైగా జైలులో ఉన్న తరువాత 1995లో డి.ఎన్.ఏ. పరీక్ష వలన నిజము బయటపడింది.

ఆమె అబద్ధమాడిందా? లేదు. పగతో చెప్పిందా? కాటన్ ఎవరో ఆమెకు తెలియనే తెలియదు. నిర్లక్ష్యము చేసిందా? ఆమె పడినంత శ్రద్ధ మనలో ఎందరు పడగలరు? ఇది ఒకే ఒక్క వింత సంఘటన కూడా కాదు. 1992లో న్యూయార్కులో బ్యారీ షెక్, పీటర్ న్యూఫెల్డ్ అనే న్యాయవాదులు స్థాపించిన ఇన్నొసెన్స్ ప్రాజెక్టు లెక్కల ప్రకారము, డి.ఎన్.ఏ. పరీక్షలతో అమెరికాలో నిర్దోషులని తేలిన కేసులలో సగానికి చాలా మించి కంటి సాక్షుల పొరపాటు గుర్తింపులు కనిపించాయి.

ఒక్కరు పొరబడవచ్చు గాని పదిమంది పొరబడతారా అనేవారున్నారు. లండనులో 1896లో అడాల్ఫ్ బెక్ అనే నార్వేవాసిని, తమ నగలు కాజేసిన మోసగాడు ఇతడేనని అనేకమంది స్త్రీలు వరుసగా గుర్తుపట్టారు. ఏడేండ్ల శిక్ష పడింది. 1901లో విడుదలైనవానిని 1904లో మరి కొందరు స్త్రీలు మరల గుర్తుపట్టారు, మరల దోషి అన్నారు. శిక్ష ప్రకటింపక ముందే అసలు మోసగాడు దొరికాడు గనుక బెక్ బయటపడ్డాడు. ఆ అన్యాయము రేపిన అలజడి ఇంగ్లండులో 1907లో క్రిమినల్ అప్పీలు కోర్టు ఏర్పడడానికి ఒక ముఖ్య కారణమైంది. మన సుప్రీంకోర్టు కూడా 1957లో మద్రాసు రాష్ట్రమునుండి వచ్చిన వడివేలు తేవర్ కేసులో, సాక్షులను లెక్కపెట్టడము కాదు, వారి సాక్ష్యమును తూచి చూడవలెనని చెప్పింది.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు వద్దాము. చట్టము దీనిని గురించి ఏమంటుంది? 1860 నాటి ఇండియన్ పీనల్ కోడులో 191వ సెక్షనుగా ఉండి, 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 227వ సెక్షనుగా ఉన్న నియమము అబద్ధ సాక్ష్యమంటే ఏమిటో చెబుతుంది. దాని క్రింద ఇచ్చిన ఉదాహరణలలో రెండు మనము ఆలోచింపదగినవి. ఒకడు మరియొకని చేవ్రాత ఎరిగినవాడు. ఒక సంతకమును చూచి, ఇది అతనిదని నేను నమ్ముచున్నానని సద్బుద్ధితో చెప్పాడు. ఆ సంతకము అతనిది కాకపోయినా, చెప్పినవాడు అబద్ధ సాక్షి కాడు. తన నమ్మకమును గురించి అతడు నిజమే చెప్పాడు. రెండవ ఉదాహరణలో, ఒకడు ప్రమాణము చేసి, ఫలానా మనిషి ఫలానా రోజున ఫలానా చోట ఉన్నాడని నాకు తెలుసునన్నాడు. నిజానికి అతనికి ఆ సంగతి ఏమీ తెలియదు. ఆ మనిషి ఆ రోజున అక్కడ ఉన్నప్పటికీ, చెప్పినవాడు అబద్ధ సాక్షియే!

ఇది మొదట వినడానికి విడ్డూరముగా ఉంటుంది. తప్పు చెప్పినవాడు నిర్దోషి, ఒప్పు చెప్పినవాడు దోషి. అయితే కొంచెము నిదానించి చూస్తే ఇందులోని న్యాయము బోధపడుతుంది. జరిగినది జరిగినట్టు ఎప్పుడూ చెప్పగలగడము మనుష్యుని చేతిలో లేదు. తనకు ఎంత తెలుసునో అంతే చెప్పడము అతని చేతిలో ఉన్నది. ఉన్నదానికంటె ఎక్కువ తెలుసునని చెప్పుకొన్నప్పుడే అబద్ధము మొదలవుతుంది.

అట్లయితే జెనిఫర్ థాంప్సన్ వంటివారు పూర్తిగా నిర్దోషులు, ఇక మాట్లాడవలసినది ఏమీ లేదని ముగింపవచ్చునా? ఆమెను దోషి అనడానికి మేము ఒప్పుకొనము. అయినా సంగతి అక్కడితో ముగియదు. జ్ఞాపకము ఎట్లు మారుతుందో తెలియని కాలములో, "నా కళ్ళతో చూచాను" అనడము నిజాయితీకి చాలిన గుర్తు. తెలిసిన తరువాత అది చాలదు. చేతులలో కంటికి కనబడని క్రిములుంటాయని తెలియని రోజులలో చేయి కడుగుకొనని వైద్యుని ఎవరూ తప్పుపట్టలేదు. తెలిసిన తరువాత కడుగుకొననివాని మాట వేరు. అట్లే మన జ్ఞాపకము పొరబడగలదన్న తెలివి మనమీద ఒక కొత్త బాధ్యతను పెట్టింది. సంఘటనను గురించి నిజము చెప్పడముతో పాటు, మన జ్ఞాపకమును గురించి కూడా నిజము చెప్పవలెను. ఎంత దూరమునుండి చూచాము, వెలుతురు ఎంత, ఎంతసేపు, ఆ మనిషిని అంతకు ముందు ఎరుగుదుమా, చూచిన నాటికి చెప్పే నాటికి ఎన్ని రోజులు గడచినవి, మధ్యలో ఎవరి మాటలు విన్నాము అన్నవన్నీ సాక్ష్యములో భాగములే. ఇంగ్లండు న్యాయస్థానము 1976లో టర్న్‌బుల్ కేసులో ఇటువంటి సంగతులనే జ్యూరీవారు జాగ్రత్తగా గమనించవలెనని చెప్పింది.

ఒక యంత్రము ఉంటే ఈ బాధ తప్పును గదా అని కొందరికి ఆశ. లై డిటెక్టరు, నార్కో పరీక్ష, బ్రెయిన్ మ్యాపింగ్ అనే మాటలు పత్రికలలో చదువుతూనే ఉంటాము. ఒకని సమ్మతి లేకుండ ఈ పరీక్షలు చేయడము రాజ్యాంగమునకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2010లో కర్ణాటకకు చెందిన సెల్వి కేసులో తీర్పు చెప్పింది. ఆ సంగతి అటుంచి, అబద్ధమును పట్టే యంత్రము నూటికి నూరుపాళ్ళు పనిచేసినదే అనుకొన్నా, మనము చెప్పుకొంటున్న సాక్షి విషయములో అది పనికిరాదు. అతడు అబద్ధమాడుట లేదు. యంత్రము అతనిని సత్యవంతుడని చెప్పి పంపివేస్తుంది, నిరపరాధి జైలుకు పోతాడు.

ఈ బాధ్యత సాక్షిది మాత్రమే కాదు, అడిగేవారిది కూడా. ఎవరు అనుమానితుడో తెలిసిన అధికారి వరుసను చూపిస్తే, అతని కన్ను, అతని నిట్టూర్పు సైతము సాక్షికి సూచనలవుతాయి. గ్యారీ వెల్స్, ఏమీ బ్రాడ్‌ఫీల్డ్ అనే పరిశోధకులు 1998లో ప్రచురించిన ప్రయోగములో, తప్పు మనిషిని చూపినవారికి "సరిగా గుర్తుపట్టారు" అని ఒక్క మాట చెప్పినంత మాత్రమున, వారు తమకు మొదటినుండి గట్టి నమ్మకమున్నదని, ముఖమును బాగా చూచామని చెప్పసాగారు. అందుకే నార్త్ కరోలినా రాష్ట్రము 2007లో చేసిన చట్టము, అనుమానితుడెవరో తెలియని అధికారియే వరుసను నడిపించవలెనన్నది. మన దేశములో గుర్తింపు పరేడును సాధారణముగా మేజిస్ట్రేటు జరిపిస్తారు. అంతకు ముందే పోలీసు స్టేషనులో ఆ మనిషిని సాక్షికి చూపినట్లయినా, అతని ఫోటో పత్రికలో వచ్చినట్లయినా ఆ పరేడుకు విలువ తగ్గిపోతుంది. కోర్టులు ఈ సంగతిని ఎన్నోమార్లు చెప్పాయి.

ఇక్కడ పరాయి రాష్ట్రములలో స్థిరపడిన మనకు ప్రత్యేకమైన సంగతి ఒకటున్నది. షోలాపూరులో, కోలారులో, హోసూరులో, బరంపురములో ఉన్న మనవారిలో వయసు మీరినవారు అనేకులు మనసులోని మాట తెలుగులోనే చెప్పగలరు. వారు తెలుగులో చెప్పినది పోలీసు స్టేషనులో మరాఠీలోనో, కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో వ్రాయబడుతుంది. యానాములో తెలుగు చెల్లుబాటైనా, అప్పీలు మద్రాసు హైకోర్టుకు వెళ్ళేసరికి అంతా ఇంగ్లీషే. లోఫ్టస్ ప్రయోగములో ఒక్క క్రియ మారితే వేగము మారింది. "బండి తగిలింది" అన్నదానికి, "బండి గుద్దింది" అన్నదానికి తెలుగులో ఎంత తేడా ఉన్నదో మనకు తెలుసు. "తోశాడు" అన్నది "కొట్టాడు" అయితే? "అతనివలె ఉన్నాడు" అన్నది "అతడే" అయితే? ఒక పూట కూలి పోయినా సరే, వ్రాసినదానిని మన భాషలో చెప్పించుకొని వినవలెను. న్యాయస్థానములో ఇచ్చిన సాక్ష్యము వేరే భాషలో నమోదైతే దానిని సాక్షికి అర్థమయ్యే భాషలో వినిపించవలెనని పాత క్రిమినల్ ప్రొసీజరు కోడులో ఉన్న నియమము, దాని స్థానములో వచ్చిన 2023 నాటి భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఉన్నది. దర్యాప్తులో పోలీసులు వ్రాసికొన్న సాక్షి వాంగ్మూలముమీద సాక్షిచేత సంతకము చేయింపకూడదన్న నియమమూ కొనసాగుచున్నది. కొడుకో కోడలో తోడు వెళ్ళి అనువదించేటప్పుడు, మాట అందముగా ఉండడానికి కూడా ఒక్క ముక్క కలుపకూడదు. అమ్మ "సరిగా కనబడలేదు" అంటే, "సరిగా కనబడలేదు" అనే చెప్పవలెను.

జ్ఞాపకము ఇంత బలహీనమైనదైతే సాక్ష్యమే చెప్పకుండ ఉండుట మేలు గదా అని ఎవరైనా అనవచ్చును. మేము అట్లనము. చూచినవారు నోరు విప్పకపోతే, డబ్బు, పలుకుబడి లేని బాధితునికి దిక్కెవరు? పైగా ఈ శాస్త్రము జ్ఞాపకమంతా వ్యర్థమని చెప్పుట లేదు. ఎరిగిన మనిషిని గుర్తుపట్టడము క్రొత్తవానిని గుర్తుపట్టడముకంటె చాలా నమ్మదగినది. జాన్ విక్స్‌టెడ్, గ్యారీ వెల్స్ 2017లో ప్రచురించిన పరిశీలన ప్రకారము, వరుసను పద్ధతి ప్రకారము, ఏ సూచనా లేకుండ జరిపినప్పుడు, మొట్టమొదటిసారి సాక్షి ఎంత నమ్మకముతో చెప్పాడన్నది విలువైన గుర్తే. ఆ మొదటి క్షణములోని తటపటాయింపును దాచిపెట్టి, నెలల తరువాత బోనులో పలికిన ధీమాను మాత్రమే చూచినప్పుడు ప్రమాదము. కనుక మొదటి మాట మొదటిలోనే, సందేహముతో సహా, వ్రాయించుకొనవలెను. తోటి సాక్షులతో ముచ్చటించక ముందే వ్రాయించుకొంటే ఇంకా మంచిది.

వినేవారమైన మన సంగతి కూడా కొంత చెప్పుకొనాలి. "తెలియదు" అన్నవానిని మనము పిరికివాడంటాము, నీళ్ళు నములుచున్నాడంటాము, ఎవరి దగ్గరో డబ్బు తిన్నాడంటాము. గొంతెత్తి, బల్ల గుద్ది చెప్పినవాని మాట నమ్ముతాము. ఈ అలవాటు వలన నిజాయితీపరులైన సాక్షులకు మనమే ధీమా నటించడము నేర్పుతున్నాము. ఇది కోర్టులకు మాత్రమే చెందిన సంగతి కాదు. అన్నదమ్ముల ఆస్తి తగాదాలో, పేటలో ఒక పిల్లమీద పుట్టిన పుకారులో, సంఘపు పెద్దల ముందుకు వచ్చిన తగవులో ప్రతిరోజూ ఎవరో ఒకరు సాక్షి అవుతూనే ఉంటారు. అక్కడ న్యాయమూర్తి లేడు, ఎదురు ప్రశ్నలడిగే వకీలు లేడు, అప్పీలు లేదు. కంటితో చూచినదీ అబద్ధము, చెవితో విన్నదీ అబద్ధము, విచారిస్తే తెలిసేదే నిజమన్న సామెతను పెద్దలు ఊరకే చెప్పలేదు.

రోనాల్డ్ కాటన్ విడుదలైన రెండేండ్లకు జెనిఫర్ థాంప్సన్ అతనిని కలిసికొని క్షమాపణ అడిగింది. అతడు క్షమించాడు. తరువాత వారిద్దరు కలిసి ఊరూరా తిరిగి తమకు జరిగినది చెప్పారు, 2009లో పుస్తకముగా ప్రచురించారు. అబద్ధమాడని ఆమె క్షమాపణ ఎందుకు అడగవలెను? నేరము లేని చోట కూడా హాని ఉండగలదని, ఆ హానిని చూచి ముఖము త్రిప్పుకొనడము నిజాయితీ కాదని ఆమెకు తెలుసు గనుకనే అని మేము అనుకొంటున్నాము.

ఈసారి ఎవరైనా మనలను "నీవు చూచావా?" అని అడిగినప్పుడు ఒక్క క్షణము ఆగుదాము. చూచినదెంత, విన్నదెంత, ఊహించినదెంత అని మనలో మనము విడదీసికొందాము. చూచినంత ధైర్యముగా చెబుదాము. చూడనిచోట "చూడలేదు" అని అంతే ధైర్యముగా చెబుదాము. ఆ రెండవ మాటమీద ఒక మనిషి స్వేచ్ఛ ఆధారపడి ఉండవచ్చును.